చందా కట్టి చూసే లెక్కలు

అమెరికా ప్రభుత్వం 1878 నుంచి ఏటా ఒక లావుపాటి పుస్తకం వేసేది. పేరు స్టాటిస్టికల్ అబ్‌స్ట్రాక్ట్. జనాభా, పంటలు, ధరలు, బడులు, రైళ్లు... దేశానికి సంబంధించిన ఏ లెక్క కావాలన్నా అక్కడివాళ్లు ముందు అందులోనే వెతికేవారు. 2011లో ఖర్చు తగ్గించుకునే క్రమంలో అక్కడి సెన్సస్ బ్యూరో దాన్ని ఆపేసింది. లైబ్రేరియన్లు, పత్రికా రచయితలు గట్టిగా అభ్యంతరం చెప్పినా 2012 సంచికే ప్రభుత్వం వేసిన ఆఖరిది అయింది. ఆ తర్వాత ప్రోక్వెస్ట్ అనే ప్రైవేటు సంస్థ ఆ పనిని చేతిలోకి తీసుకుంది. పుస్తకం బతికింది. కానీ ఎప్పటికప్పుడు తాజా పరిచే ఆన్‌లైన్ పట్టికలు చందాదారులకే పరిమితమయ్యాయి. ప్రజల సొమ్ముతో సేకరించిన అంకెలను ప్రజలు మళ్లీ డబ్బు కట్టి చూడాల్సి రావడం అన్యాయం కాదా అని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. అయితే గణాంకాలకు చందా ఎలా పుట్టిందో తెలుసుకుంటే ఆ ప్రశ్నకు జవాబు అంత తేలిక కాదని తెలుస్తుంది.

మూలం ఇంటర్నెట్ కంటే చాలా ముందుది. 1969లో హార్వర్డ్ ఆర్థికవేత్త ఆటో ఎక్‌స్టైన్, డొనాల్డ్ మారన్‌తో కలిసి డేటా రిసోర్సెస్ అనే సంస్థ పెట్టాడు. సొంత కంప్యూటర్ అప్పట్లో పెద్ద పెద్ద కంపెనీలకు కూడా భారమే. ఈ సంస్థ తన పెద్ద కంప్యూటర్‌లో ఆర్థిక గణాంకాలన్నీ ఎక్కించి ఉంచేది. చందాదారు తన ఆఫీసులో ఉన్న టెర్మినల్‌ను టెలిఫోన్ లైనుకు కలిపి, కావాల్సిన లెక్క అడిగి తెప్పించుకునేవాడు. చందాతో పాటు కంప్యూటర్ వాడుకున్నందుకూ డబ్బు కట్టాలి. ఆ అంకెల్లో ఎక్కువ భాగం ప్రభుత్వ నివేదికల్లో అచ్చయినవే. అయినా బ్యాంకులు, కార్ల కంపెనీలు సంతోషంగా కట్టాయి. పది ఆఫీసులు పది రకాలుగా అచ్చువేసిన అంకెలను ఏళ్ల వారీగా ఒకే వరుసలో పేర్చి, మధ్యలో కొలత మారితే సరిచేసి ఇవ్వడం అంటే ఎంత చాకిరీయో వాళ్లకు తెలుసు. 1979లో మెగ్రా-హిల్ ఆ సంస్థను 10 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చి కొన్నది. పేర్చే పనికి ఎంత గిరాకీ ఉందో ఆ ధరే చెబుతోంది.

మన దేశంలో ఈ పనికి పునాది వేసింది నరోత్తం షా. 1976లో బొంబాయిలో ఆయన స్థాపించిన సెంటర్ ఫర్ మానిటరింగ్ ఇండియన్ ఎకానమీ (సీఎంఐఈ) మొదట అచ్చు సంపుటాలతోనే నడిచింది. తర్వాత కంపెనీల వార్షిక నివేదికల్లోని జమాఖర్చులను ఒక తీరుకు తెచ్చి ‘ప్రోవెస్’ అనే డేటాబేస్ కట్టారు. ఇవాళ మన విశ్వవిద్యాలయాల్లో కామర్స్, ఫైనాన్స్ పరిశోధకులకు అది లేకుండా పని జరగదు. ఇలా గణాంకాలు పేర్చి ఇచ్చే సంస్థలు తర్వాత మరికొన్ని పుట్టాయి. 1993లో ఈపీడబ్ల్యూ రీసెర్చ్ ఫౌండేషన్ ఏర్పడింది. 2000లో ఢిల్లీ నుంచి ఇండియాస్టాట్ వచ్చింది.

2014లో సీఎంఐఈ సొంతంగా ఇంటింటి సర్వే కూడా మొదలుపెట్టింది. ఇక్కడ చందా స్వభావమే మారిపోయింది. ప్రభుత్వ అంకెలను పేర్చి ఇవ్వడం ఒకటి, గడప గడపకూ మనిషిని పంపి కొత్త అంకెను పుట్టించడం మరొకటి. 2017-18 ఉపాధి సర్వే నివేదికను కేంద్రం 2019 మే చివరి దాకా బయటపెట్టలేదు. అదే 2017-18 వినియోగ వ్యయ సర్వేనైతే పూర్తిగా పక్కన పెట్టేసింది. అలాంటి కాలంలో నిరుద్యోగం గురించి మాట్లాడాలంటే ఈ ప్రైవేటు సర్వే అంకెలే దిక్కయ్యాయి. అందులో నిరుపేద కుటుంబాలు తగినంతగా లేవని జాన్ డ్రెజ్ వంటి ఆర్థికవేత్తలు 2021లో ఎత్తిచూపారు. డబ్బు కట్టి తెచ్చుకున్నంత మాత్రాన అంకె నిక్కచ్చి అయిపోదు.

ఈలోగా ప్రపంచంలో గాలి ఉచితం వైపు తిరిగింది. ప్రపంచ బ్యాంకు తన అభివృద్ధి సూచికలను అంతకుముందు చందాకే ఇచ్చేది. 2010 ఏప్రిల్‌లో అందరికీ ఉచితం చేసింది. 2015 జనవరి నుంచి అంతర్జాతీయ ద్రవ్య నిధి అదే దారి పట్టింది. మన కేంద్ర గణాంక శాఖ 2024 జూన్ 29న, గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ పుట్టినరోజున, అంకెలు ఉచితంగా ఇచ్చే ఈ-సాంఖ్యికి పోర్టల్ తెరిచింది. మరి ఇన్ని ఉచితమయ్యాక చందా దేనికి?

దానికి జవాబు మన జిల్లాల్లోనే ఉంది. ఊళ్లో ఏ సర్వే నంబరులో ఏ పంట వేశారో ఆంధ్రలో కరణం అడంగల్‌లో, తెలంగాణలో పట్వారీ పహాణీలో రాసేవారు. ఊరి నుంచి తాలూకాకు, అక్కడి నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి కూడికలు కూడుకుంటూ వెళ్లి ఏటా పంటల నివేదిక తయారయ్యేది. 1984లో కరణాలూ పట్వారీలూ పోయారు, ఆ తర్వాత తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. కూడిక మాత్రం ఆగలేదు.

ఇప్పుడు ఒక విద్యార్థికి ఖమ్మం జిల్లాలో ముప్పై ఏళ్ల వరి విస్తీర్ణం కావాలనుకోండి. 2014లో పోలవరం ముంపు పేరుతో ఆ జిల్లా నుంచి ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 2016 అక్టోబరులో తెలంగాణలో 10 జిల్లాలు 31 అయినప్పుడు కొత్తగూడెం వైపు విడిపోయింది, గార్ల, బయ్యారం మహబూబాబాద్‌లో కలిశాయి. పేరు ఒకటే, నేల వేరు. ఈ సంగతి తెలియని పట్టికలో ఖమ్మం రైతులు హఠాత్తుగా వరి మానేసినట్టు కనబడుతుంది. పాత ఖమ్మాన్ని లెక్కల్లో మళ్లీ కూడదీయాలంటే మండలాల అంకెలు ఒక్కొక్కటిగా తీసి కలపాలి. పీడీఎఫ్‌లలో ఇరుక్కున్న ఆ అంకెలను బయటికి లాగి, సరిచూసి, కలపడానికి మనుషులు కావాలి, వాళ్లకు జీతాలు కావాలి. న్యాయమైన చందా ఆ శ్రమకు కట్టే కూలి. కాబట్టి ఏ డేటాబేస్ తెరిచినా నేను ముందు పట్టిక అడుగున ఉన్న చిన్నక్షరాలు చదువుతాను. అంకె ఏ నివేదిక నుంచి వచ్చింది, ఏ సంవత్సరపు ఎల్లలు, ఏ ఆధార సంవత్సరపు ధరలు? ఈ మూడూ చెప్పని పట్టికకు చందా కట్టడం దండగ. చెప్పిన పట్టికను పట్టుకుని మూల నివేదిక దాకా వెళ్లి ఒకటి రెండు అంకెలు పోల్చి చూసుకోవచ్చు.

అయితే ఈ కూలిని చందాదారే కట్టాలన్న నియమం లేదు. హైదరాబాద్ శివార్లలోని పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉంది. టాటా-కార్నెల్ సంస్థతో కలిసి అది జిల్లా స్థాయి వ్యవసాయ గణాంకాల డేటాబేస్ నడుపుతోంది. 1966 తర్వాత ఎన్ని జిల్లాలు విడిపోయినా, వాటి అంకెలను అప్పటి మాతృ జిల్లాలకు తిరిగి పంచి, వరుస తెగకుండా చూపిస్తుంది. పైసా కట్టనక్కర్లేదు. మన రెండు రాష్ట్రాల అర్థ గణాంక శాఖల దగ్గర మండలాల అంకెలు ఎలాగూ ఉన్నాయి. కొత్త జిల్లాల లెక్క పక్కనే పాత జిల్లాల లెక్కను కూడా, పీడీఎఫ్‌గా కాక నేరుగా కంప్యూటర్‌లో వాడుకునే పట్టికగా ఏటా ఇవ్వమని వాటిని అడగాలి.