నవ్వు ఎవరిది? చిందు బాగోతం నుంచి లంబాడిపల్లి వీడియోల దాకా

సింగరేణి చరిత్ర రాసినవాళ్లు సమ్మెల గురించి రాసిండ్రు. పాటల గురించి, 1981లో పుట్టిన సింగరేణి కార్మిక సమాఖ్య గురించి, అమరుల గురించి రాసిండ్రు. రాయాల్సిందే. కాని బొగ్గుబాయి మనిషి నవ్వు గురించి రాసింది చాలా తక్కువ. కోపానికి ఉన్న చరిత్ర నవ్వుకు లేదా? ఈ ప్రశ్న వేసుకుంటే గోదావరిఖనిలోనే ఆగలేం, పాత కరీంనగర్ జిల్లా పల్లెల దాకా పోవాలె. 1960ల మొదట్లో రామగుండం ప్రాంతంలో బాయిలు తెరిచినప్పుడు తట్టా చెమ్మస్ పట్టిన చేతుల్లో చాలామటుకు ఆ పల్లెలవే. భూమి లేక, దొరల కింద బతకలేక వచ్చిన మాల, మాదిగ, వెనకబడిన కులాల మనుషులు క్వార్టర్లకు తమ భాషను మోసుకొచ్చిండ్రు. భాషతో పాటు తమ ఎగతాళిని కూడా.

ఆ ఎగతాళి చిన్నదేం కాదు. మాదిగ వాడల్లో హక్కుగా ఆడే చిందు బాగోతంలో బుడ్డర్‌ఖాన్ వేషం రాజుల కథ మధ్యలో దూరి జనాన్ని నవ్విస్తది. తోలుబొమ్మలాటలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క చేసేదీ అదే పని. ఇక పిట్టలదొర సంగతి చూడండి. పాత కోటు, నెత్తిన టోపీ, చేతిలో కట్టె తుపాకి. లేని బంగ్లాల గురించి, లేని భూముల గురించి కోతలు కోస్తడు. చివరికి చెయ్యి చాపుతడు. దొరతనాన్ని ఒంటిమీద తొడుక్కొని, అది ఎంత డొల్లదో ఊరి నడుమ చూపించే వేషం ఇది. జోతిరావు ఫూలే 1855లో ‘తృతీయ రత్న’ నాటకం రాసినప్పుడు పురోహితుని మోసాన్ని విడమర్చే పని విదూషకునికే అప్పజెప్పిండు. ఆ తర్వాత మహారాష్ట్రలో సత్యశోధక జల్సాలు అదే దారి పట్టినయి. మన దగ్గర నాటకం రాసి అచ్చేసినోళ్లు లేకున్నా ఆడేటోళ్లు ఉన్నరు. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్రలో కూలీలు నడిచేనాటికి, దొరను చూసి చాటుకు నవ్వుకునే అలవాటు ఈ జిల్లాలో తరాల కిందటిది.

సినిమా వచ్చి ఈ వరుసను తలకిందులు చేసింది. తెలంగాణ మాటను రౌడీకి, పనిమనిషికి, తాగుబోతుకు ఇచ్చింది. నవ్వించేటోడు నవ్వులపాలయ్యిండు. 2002 నుంచి ధూంధాం వేదికల మీద పిట్టలదొర మళ్లా కనబడ్డడు, ‘తీన్మార్ వార్తలు’ మన యాసను టీవీలోకి తెచ్చినయి. అదే కాలంలో, 2013 నుంచి ఈటీవీలో ‘జబర్దస్త్’ నడిచింది. అక్కడ మన ప్రాంతపు కళాకారులకు అన్నం దొరికింది, నిజమే. కాని నల్లగున్నోడు, పొట్టిగున్నోడు, ఆడవేషం కట్టినోడు అక్కడ పంచ్‌కు సరుకయిండ్రు. కిందోడు పైవాన్ని చూసి నవ్వే నవ్వు ఒకటి, కిందోన్ని చూసి అందరూ నవ్వే నవ్వు ఇంకొకటి. రెండింటినీ కామెడీ అనే ఒక్క మాటతో పిలుస్తున్నం.

ఈ నేపథ్యంలోనే లంబాడిపల్లిని చూడాలె. ఇప్పుడు జగిత్యాల జిల్లా, మల్యాల మండలంలోని చిన్న ఊరు అది. 2012లో శ్రీరాం శ్రీకాంత్ ‘మై విలేజ్ షో’ పేరుతో యూట్యూబ్ ఛానల్ పెట్టిండు. సెట్టు లేదు, మేకప్ లేదు. ఊరి గల్లీ, పొలం గట్టు, కల్లు మండువ, పెండ్లి దావత్, వీటి మీదనే చిన్న చిన్న నవ్వుల కథలు. ఆడేటోళ్లు ఊరోళ్లే.

2018 ఆగస్టులో ఈ బృందం చేసిన ఒక వీడియో దగ్గర కొంచెం ఆగుదాం. కెనడా ర్యాపర్ డ్రేక్ పాటకు, నడుస్తున్న కారులోంచి దిగి పక్కన డాన్సు చేసే ‘కికి ఛాలెంజ్’ అప్పుడు లోకమంతా పిచ్చిలా పట్టింది. పోలీసులు హెచ్చరికలు జారీ చేసిండ్రు. మరి కారు లేనోడు ఏం చెయ్యాలె? అనిల్ జీల, పిల్లి తిరుపతి దిగిండ్రు. ముందు ఎడ్లు నడుస్తుంటే, వెనక మోకాటిలోతు బురదలో అదే పాటకు ఆడిండ్రు. అమెరికా టీవీ వ్యాఖ్యాత ట్రెవర్ నోవా దీన్ని మెచ్చుకున్నడు. నల్లజాతి తల్లికి, తెల్లజాతి తండ్రికి పిల్లడు పుట్టుడే నేరమయిన దక్షిణాఫ్రికాలో పుట్టినోడు ఆయన. ఎడ్లకు, బురదకు అతను ఎందుకు నవ్విండో నాకు అర్థమయితది. వీడియోలో పేదరికం మీద జోకు లేదు. కార్ల మీద ఉంది. పిట్టలదొర దొర కోటు తొడిగినట్టే, వీళ్లు డ్రేక్ పాటను తొడిగిండ్రు.

గంగవ్వ సంగతి ఇంకా పెద్దది. బడి మొఖం చూడని మనిషి. కూలి చేసింది, బీడీలు చుట్టింది. రాసిచ్చిన డైలాగు చదవలేదు కాబట్టి విని, తన మాటలోకి తిప్పుకొని చెప్పుతది. ఆ తిప్పుకోవడంలోనే ఆమె కళ ఉంది. చిందుల ఎల్లమ్మ లాంటి కళాకారులు నోటితోనే నేర్చిన సంప్రదాయం మనకు ఉంది కదా! 2019లో ‘మల్లేశం’లో కనబడింది, 2020లో బిగ్‌బాస్ ఇంట్లోకి పోయింది. ఇల్లు కట్టుకోవాలన్నది ఆమె కోరిక. లక్షలమందిని నవ్వించిన ముసలామెకు సొంతిల్లు లేదన్న సంగతి ఒక పెద్ద టీవీ షో దాకా పోతేగాని లోకానికి పట్టలేదు.

ఇంత మెచ్చుకున్నంక అడగాల్సిన మాట ఒకటి ఉంది. ఈ నవ్వుల ఊర్లో వాడ ఏది? నేను చూసినంతలో కులం పేరు దాదాపు వినబడదు. అందరూ అవ్వ, తాత, బావ, మామ. వరసలు పెట్టి పిలుచుకునుడు పల్లెల్లో ఉన్నదే. కాని వరస పిలుపు వెనక బాయి వేరు, గ్లాసు వేరు, కాటి జాగ వేరు ఉన్న ఊర్లు కూడా ఇవే. 2025లో అనిల్ జీల నటించిన సిరీస్‌కు ‘మోతెవరి లవ్ స్టోరీ’ అని పేరు. మోతెవరి అంటే ఊర్లో భూమి ఉన్న పెద్దమనిషి. ఆ మాట ఇప్పుడు ముద్దుమాట అయింది. మోతెవరి కింద జీతమున్నోని మనవడు ఆ మాట వింటే నవ్వు ఎక్కడ్నుంచి వస్తదో, ఎక్కడ ఆగుతదో చూడాలె. తప్పు ఆ పిల్లలది కాదు. అందరూ చూడాలంటే కులం మాట్లాడొద్దనేది ఇప్పటి బజారు నీతి.

సొమ్ము సంగతి కూడా చూద్దాం. చిందోళ్లకు మాదిగ ఇండ్ల మీద మిరాశి హక్కు ఉండేది. ఆడినంక అడిగి తీసుకునేది భిక్షం కాదు, వాటా. యూట్యూబ్‌లో ఎంత ఇయ్యాలన్నది, ఎవరికి చూపియ్యాలన్నది అమెరికా కంపెనీ చేతిలో ఉంటది. ఆ కంపెనీ మీద ఏ కులానికీ మిరాశి లేదు. 2024లో జనగామ ప్రాంతపు చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ వచ్చింది. బిరుదు వచ్చింది మరి, ఆటలు ఎన్ని రికార్డయినయి?

గోదావరిఖనికి మళ్లా వస్తే, 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైన ఉన్న కార్మికులు 2020లు వచ్చేసరికి సుమారు 40 వేలకు దిగిండ్రు. తట్టా చెమ్మస్ పోయి యంత్రాలు వచ్చినయి. బాయి కొలువు దొరకని పిల్లల చేతిలో ఇప్పుడు ఫోను ఉంది. కోల్‌ఫిల్లర్లుగా దిగిపోయిన ముసలోళ్లు ఇంకా కాలనీల్లో ఉన్నరు. బాయి లోపల ఓవర్‌మెన్ మీద, అండర్ మేనేజర్ మీద ఏ పేర్లు పెట్టి నవ్వుకున్నరో, పై కులపోని టిఫిన్ డబ్బా మీద ఏ సామెతలు కట్టిండ్రో వాళ్లనే అడగాలె. విద్యార్థులు వచ్చే సెలవుల్లో ఆ ఫోనుతోనే ఈ పని మొదలుపెట్టొచ్చు. ముందు ఆడవాళ్ల దగ్గరికి పొండి, మొగోళ్లు మర్చిపోయినవి వాళ్లకు యాదికున్నయి.