చిన్న గేరు మోటార్లలో కందెన, నిరోధక విధానాలు

చిన్న డి.సి. గేరు మోటారు అనగా శాశ్వత అయస్కాంతము గల ఏకముఖ విద్యుత్ మోటారుకు వేగాన్ని తగ్గించే పళ్ళచక్రాల పెట్టెను జోడించిన సాధనం. బొమ్మ వాహనాలు, విద్యార్థులు తయారుచేసే రోబోలు, ఇతర అభిరుచి యంత్రాలలో దీనిని విరివిగా వాడతారు. దీని మన్నిక ముఖ్యంగా రెండు విషయాలపై ఆధారపడి ఉంటుంది: సరైన కందెన, సరైన పద్ధతిలో ఆపడం.

ప్రాంతీయ నేపథ్యం

తెలంగాణ రాష్ట్రం రంగారెడ్డి జిల్లాలోని మొయినాబాద్, చేవెళ్ల మండలాలు హైదరాబాదు నుండి బీజాపూరు వెళ్ళే జాతీయ రహదారిపై ఉన్నాయి. మొయినాబాద్ పరిసరాలలో పలు ఇంజనీరింగ్ కళాశాలలు ఉన్నాయి. వాటిలో అజీజ్‌నగర్‌లోని విద్యాజ్యోతి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ 1998లోను, చిలుకూరులోని కె.జి.రెడ్డి కళాశాల 2008లోను ప్రారంభమయ్యాయి. ఇటువంటి కళాశాలల విద్యార్థి ప్రాజెక్టులలో గేరు మోటార్లు సాధారణం. విడిభాగాలకు హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీ పేరుపొందిన అంగడి.

ఈ మండలాలలో కూరగాయల, పూల సాగు ఎక్కువ. చేలలో పరీక్షించే నమూనా యంత్రాల గేర్లలోకి మట్టి, దుమ్ము చేరుతాయి. వేసవిలో 40 డిగ్రీల సెల్సియస్ దాటే ఎండకు పలుచని గ్రీజు కారిపోతుంది. దుమ్ముతో కలిసిన గ్రీజు ఆకురాయి వలె పళ్ళను అరగదీస్తుంది. కనుక పాత గ్రీజుపైనే కొత్తది పూయరాదు. మొదట పాతదానిని పూర్తిగా తుడిచివేయాలి.

కందెనలు

* లోహపు గేర్లు: లిథియం గ్రీజు అనుకూలం. పళ్ళపై పలుచని పూత చాలు. పెట్టె నిండా నింపితే మోటారుపై భారం పెరుగుతుంది.
* ప్లాస్టిక్ గేర్లు: సిలికాన్ గ్రీజు మేలు. నైలాన్, అసిటాల్ గేర్లు తక్కువ భారం వద్ద కందెన లేకుండా కూడా పనిచేస్తాయి. కొన్ని పెట్రోలియం నూనెల వలన ఎ.బి.ఎస్., పాలీకార్బొనేట్ భాగాలు పగుళ్ళు బారుతాయి.
* కంచు బేరింగులు: సూక్ష్మరంధ్రాలలో నూనె నింపిన ఈ బేరింగులు ఎండిపోయినపుడు ఒక చుక్క పలుచని నూనె వేయాలి.

కమ్యుటేటరుకు, బ్రష్షులకు నూనె తగలరాదు. తగిలితే బ్రష్షుల పొడితో కలిసి బురదగా మారి విద్యుత్ స్పర్శను చెడగొడుతుంది. తుప్పు వదిలించే పిచికారీ ద్రవాలు గ్రీజును కరిగిస్తాయి కాబట్టి వాటిని కందెనకు బదులుగా వాడరాదు.

ఆపే విధానాలు

* స్వేచ్ఛగా ఆపడం: సరఫరాను తొలగిస్తే ఘర్షణ వలన మోటారు క్రమంగా ఆగుతుంది.
* గతిజ నిరోధం: సరఫరా తొలగించి మోటారు రెండు కొనలను కలిపితే, తిరుగుతున్న మోటారు జనరేటరుగా మారి తన చలనాన్ని తానే అడ్డుకుంటుంది. ఎల్293డి, ఎల్298 చిప్పులలో ఎనేబుల్ ఉన్నతస్థితిలో ఉండగా రెండు ఇన్‌పుట్‌లకు ఒకే సంకేతమిస్తే ఇది జరుగుతుంది.
* వ్యతిరేక సరఫరా: ధ్రువాలను తారుమారు చేయడం. ఇది వేగవంతమైనది, ప్రమాదకరమైనది కూడా.

ఉదాహరణకు 12 వోల్టుల మోటారు నిరోధం 4 ఓములు, నడుస్తున్నపుడు దాని వ్యతిరేక విద్యుచ్చాలక బలం 11 వోల్టులు అనుకుంటే, మామూలు ప్రవాహం (12−11)/4 = 0.25 ఆంపియర్లు. ఇతర నిరోధాలను లెక్కించకపోతే, గతిజ నిరోధం తొలి క్షణంలో అది 11/4 = 2.75 ఆంపియర్లకు, వ్యతిరేక సరఫరాలో (12+11)/4 = 5.75 ఆంపియర్లకు చేరుతుంది. ఎల్298 ఒక్కో మార్గానికి నిరంతర పరిమితి 2 ఆంపియర్లు మాత్రమే. నడిచేటపుడు చల్లగా ఉన్న చిప్పు పదేపదే ఆపేటపుడు కాలిపోవడానికి కారణమిదే. ముందుగా వేగాన్ని దశలవారీగా తగ్గించి ఆపితే ప్రవాహం అదుపులో ఉంటుంది.

గేర్లపై ఒత్తిడి

గేరు నిష్పత్తి 48 అయితే, చక్రం వైపు నుండి చూసినపుడు మోటారు రోటరు జడత్వం 48 వర్గం, అనగా 2304 రెట్లుగా కనిపిస్తుంది. చక్రాన్ని చేతితో హఠాత్తుగా పట్టి ఆపితే ఆ శక్తి గేరు పళ్ళపై పడి అవి విరుగుతాయి.

వాలుపై నిలపడం

గతిజ నిరోధ బలం వేగాన్ని బట్టి ఉంటుంది. వేగం సున్నా అయితే బలమూ సున్నా. కనుక వాలుపై వాహనం మెల్లగా జారుతూనే ఉంటుంది. వర్మ్ గేరు అధిక ఘర్షణ వలన సాధారణంగా వెనుకకు తిరగదు. అయితే మంచి కందెన ఆ ఘర్షణను తగ్గిస్తుంది, ప్రకంపనలు తోడైతే పట్టు సడలవచ్చు. మనుషులకు హాని కలిగే అవకాశమున్న యంత్రాలలో చక్రపు ఇరుసుకే యాంత్రిక బ్రేకు అమర్చడం క్షేమం.

ఇవి కూడా చూడండి

* విద్యుత్ మోటారు
* పళ్ళచక్రం
* ఘర్షణ