విలంబకాల పదము : అభ్యాస సంప్రదాయ పరిశీలనము

క్షేత్రయ్య పదములను మనము శృంగార కవితగా చదువుచున్నాము, పాఠభేదములను గుణించుచున్నాము, నాయికాభేదములను నిర్ణయించుచున్నాము. పదము పాడుటకు పుట్టినదనియు, ఆ పాట మిక్కిలి మందగతిని నడచుననియు ఎఱిగియు, ఆ గతి పాఠనిర్ణయమునకు సాక్ష్యము కాగలదను విషయమును ఉపేక్షించుచున్నాము. ఈ ఉపేక్షను గూర్చియే ఈ చిన్న వ్యాసము.

ఇట్టి సమస్య మనకే పరిమితము కాదు. స్కాట్లండు ఉన్నత భూములలో గేలిక్ భాషాగేయములు వాద్యములపై కెక్కి, ‘స్లో ఎయిర్’ అను మందగతి రచనలుగా ప్రసిద్ధములైనవి. పాట్రిక్ మెక్‌డొనాల్డ్ 1784లో అట్టి గేయముల స్వరములను సంపుటముగా అచ్చొత్తించెను. గాయకులు భావప్రధానములైన దీర్ఘస్వరములపై నిలిచి, నడిమి స్వరములను వడిగా దాటుదురనియు, అందుచే కాలమానమును పట్టుట శ్రోతకు దుష్కరమనియు ఆ గ్రంథపీఠిక తెలుపుచున్నది. అచ్చులోని గీతలు సమముగా నుండును, పాట యట్లుండదు. కావుననే మూలగేయము తెలిసిన వాదకునకు ఎచట నిలువవలెనో, ఎచట ఊపిరి తీయవలెనో మాటలే చెప్పును.

ఆ దేశమునకును మన సీమకును ఒక చారిత్రక సంబంధము కలదు. జగ్గయ్యపేటను నెలకొల్పిన వాసిరెడ్డి వేంకటాద్రి నాయుని కాలముననే, 1798లో, కాలిన్ మెకంజీ అమరావతి స్తూపావశేషములను దర్శించెను. ఆయన గేలిక్ సీమయైన లూయిస్ ద్వీపమున జన్మించినవాడు. కావలి వేంకట బొఱ్ఱయ్య మున్నగువారి సాహాయ్యమున శాసనములను, స్థానిక చరిత్రలను సేకరించి మన చరిత్రకు మహోపకార మొనర్చెను. జగ్గయ్యపేట స్తూపమునందలి ఇక్ష్వాకు వీరపురుషదత్తుని 20వ రాజ్యవర్షపు శాసనము సిద్ధార్థుడను శిల్పి పేరును నేటికిని నిలిపియున్నది. శిలకు గల ఈ మన్నిక రాగమునకు లేదు. దానికి కంఠమే ఆధారము.

క్షేత్రయ్య 17వ శతాబ్దివాడు. ఆయన పేరుతో ముడిపడిన మువ్వ కృష్ణా జిల్లాలోనిది; 2022 నాటి పునర్విభజనమునకు పూర్వము నందిగామ, జగ్గయ్యపేటలును ఆ జిల్లాలోనివే. ఆయన పదములు తంజావూరు సీమలో తెలుగు మాతృభాష కానివారి కంఠములందు నిలిచినవి. సుబ్బరామ దీక్షితులు 1904లో తెలుగులిపిలో ప్రకటించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో కొన్ని పదములకు గమక చిహ్నములతో స్వరములు చూపబడినవి. ఐనను పదవిద్య గ్రంథముచే గాక గురుముఖముననే సాగెను. వీణ ధనమ్మాళ్ (1867–1938) బాణీని ఆమె మనుమరాండ్రు బృంద, ముక్త నిలిపినది అట్లే.

ఆంధ్రదేశమున ఈ విద్యను కాపాడినవారిలో కలావంతులు ముఖ్యులు. దేవదాసీ సమర్పణమును నిషేధించిన 1947 నాటి మద్రాసు చట్టము స్త్రీల పాలిటి అన్యాయము నెదుర్కొన్నది, అది వలసినదే. కాని సంఘము ఆ విద్యను వేఱుగా స్వీకరించి గౌరవించుటలో వెనుకబడినది. పాటకత్తెలతో పాటు పాఠములును కొన్ని మరుగుపడినవి.

అభ్యాసక్రమమును పరిశీలించిన ఈ నష్టము స్వరూపము తెలియగలదు. స్లో ఎయిర్‌వలె పదము తాళమును సడలింపదు. త్రిపుటలో ఆవర్తమునకు 7 అక్షరకాలములు చెల్లవలసినదే. ఆ కట్టుబాటులోనే ఒక్క అచ్చు పలు స్వరములపై సాగును. శిష్యుడు గురువు పాడిన ఖండమును మఱల మఱల అనుసరించును. గమకము, శ్వాస, పదవిభాగము ఒక్కటిగానే అలవడును. వీణపై వాయించునపుడు మీటు సాహిత్యాక్షరముపై పడవలెను. సాహిత్యము తెలియని వ్రేలు తప్పుచోట మీటును. మాట రెండుగా విఱుగును.

ఇచటనే పరిష్కర్తకు పని కలదు. వ్రాతప్రతులలో మాటలు కలిసియుండును. రెండు విభాగములు అర్థవంతములైనపుడు ఛందస్సు పద్యమునకువలె పదమునకు తీర్పు చెప్పదు. గాయకుని విశ్రాంతిస్థానము కొన్నియెడల చెప్పగలదు. అది తిరుగులేని ప్రమాణమని నా వాదము కాదు, గాయకులును పొరబడుదురు. కాని వ్రాతప్రతిని సాక్షిగా పిలిచి కంఠమును పిలువకుండుట న్యాయము కాదు.

పదములపై పరిశోధించు విద్యార్థి ఒక్క పదమునైనను గురుముఖమున, దాని కాలములో, నేర్చుకొనవలెనని నా మనవి. గానము రాకున్నను తాళము వేయుచు వినుట నేర్వవచ్చును. ఒక పల్లవికి వారములు పట్టినను అది కాలహరణము కాదు. పాఠపరిష్కరణమున అదియు ఒక భాగమే.