కబురు, జాబు, ఉత్తరము

మన అధ్యక్ష మండలము నూరేండ్లు నిండిన ఈ శుభసమయమున మన గుడులను, బడులను, ఆసుపత్రులను కృతజ్ఞతతో తలంచుకొనుచున్నాము. వీటన్నిటికి ముందు మన పెద్దలకు ఒక కబురు అందినది. దానిని ఎవరో కాలినడకను మోసికొని వచ్చిరి. కనుక కబురు పంపుటకు, మోయుటకు సంబంధించిన మాటలను కొంచెము పరిశీలింతము.

గ్రీకు భాషలో "అపొస్తొలొస్" అనగా పంపబడినవాడు. మన తెలుగు బైబిలు ఈ ఒక్క మాటను మూడు విధములుగా చెప్పినది. పండ్రెండుగురి విషయమై "అపొస్తలుడు" అని గ్రీకు మాటనే ఉంచినది. ఫిలిప్పీ సంఘము పంపిన సహాయమును పౌలుకు చేర్చిన ఎపఫ్రొదితును "దూత" అన్నది. యోహాను సువార్త 13వ అధ్యాయములో "పంపబడినవాడు" అన్నది. మన చెవికి మొదటిది గొప్ప బిరుదువలె, చివరిది సామాన్యమైన పనివలె తోచును. మూలములో మూడును ఒక్కటే.

"పత్రిక" అనగానే నేటి యువజనులకు వార్తాపత్రిక స్ఫురించును. బైబిలు తెలుగులో పత్రిక అనగా ఉత్తరము. రోమా సామ్రాజ్యపు టపా ప్రభుత్వ కార్యములకే గాని ప్రజలకు కాదు. అందుచేత పౌలు ఉత్తరములు ప్రయాణికుల చేతులలోనే సాగెను. ఎఫెసీయుల, కొలొస్సయుల పత్రికలను తుకికు తీసికొనిపోయెను. రోమీయుల పత్రికను కెంక్రేయ సంఘ పరిచారకురాలైన ఫీబే చేర్చినదని అనేక పండితుల అభిప్రాయము.

మన దేశములోను పూర్వము టపా మోయువారు ఒక మజిలీనుండి మరొక మజిలీకి పరుగెత్తి సంచి అందించెడివారు. ఆ మజిలీయే "అంచె". "అంచెలంచెలుగా" అను మాట నేటికిని మన నోట నున్నది. 1854లో అర్ధణా చెల్లించిన ఉత్తరము దేశములో ఎంత దూరమైనను పోవు ఏర్పాటు కలిగెను. పల్లెలలో గుండె దడ పుట్టించిన తంతి 2013లో నిలిచిపోయినది.

సువార్తయు అంచెలంచెలుగానే వచ్చినది. 1805లో విశాఖపట్నము చేరిన అగస్టస్ డి గ్రాంజెస్, ఆనందరాయరు సహాయముతో తెలుగు చేసిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యెను. అప్పటికి డి గ్రాంజెస్ మరణించి రెండేండ్లయినది. తరువాతి కాలమున బైబిలు స్త్రీలు ఇంటింటికి నడచి వాక్యము వినిపించిరి. వారిలో అనేకుల పేర్లు మన రికార్డులలో లేవు.

ఇక మరొక విశేషము. "జాబు" అను మాట అరబ్బీ "జవాబు" నుండి వచ్చినది. "ఉత్తరము" అనగా సంస్కృతములో బదులు. తెలుగువారు లేఖకు పెట్టుకొనిన ఈ రెండు పేర్లకును మొదటి అర్థము ఒక్కటే: జవాబు! కొరింథీయులతో పౌలు మీరే మా పత్రిక అన్న భావమును దీనితో కలిపి ఆలోచింతము. మనకందిన కబురుకు మనమే జాబు కావలసియున్నది.

నేడు సెల్‌ఫోనులో శుభాకాంక్షలు క్షణములో చేరుచున్నవి. అయినను మంచము పట్టిన వృద్ధులు, ఒంటరి విధవరాండ్రు వాకిటివైపు చూచుచునే యున్నారు. సంఘ పెద్దలు, స్త్రీల మైత్రి సభ్యులు, యువజనులు ఈ శతాబ్ది సంవత్సరమందు వారి గడపలకు స్వయముగా నడచి వెళ్లుదురు గాక. ఎపఫ్రొదితు చేసినదియు అదే.