సైనిక వైకల్య పింఛను అప్పీళ్లు: కీళ్ల జబ్బులు

మోకాలి అరుగుదల, వెన్నులో డిస్కు జారడం, లిగమెంటు తెగడం వంటి కీళ్ల జబ్బులతో భారత సైన్యం నుంచి బయటికి వచ్చినవారికి వైకల్య పింఛను నిరాకరిస్తే దానిపై చేసుకునే విజ్ఞప్తులివి. సర్వీసు ముగిసేటప్పుడు జరిగే రిలీజ్ మెడికల్ బోర్డు రెండు విషయాలు తేలుస్తుంది: వైకల్యం ఎంత శాతం, దానికి సర్వీసుతో సంబంధం ఉందా. పింఛను రావాలంటే శాతం 20కి తగ్గకూడదు. జబ్బు సర్వీసు వల్ల వచ్చినదో, సర్వీసులో ముదిరినదో అయి ఉండాలి. రెండూ కాదని బోర్డు రాస్తే దాన్ని ఆంగ్ల పొడి అక్షరాలతో 'నానా' అంటారు. అప్పీళ్లలో ఎక్కువ భాగం పుట్టేది ఈ మాట దగ్గరే.

కీళ్లతో వచ్చిన చిక్కేమిటంటే, అవి పాడైన రోజంటూ ఒకటి ఉండదు. తూటా గాయానికి తేదీ, చోటు, గాయం నివేదిక ఉంటాయి. ఇరవై ఏళ్లు బరువు మోసి, కొండలెక్కి దిగిన మోకాలికి అవేవీ ఉండవు. నొప్పి బయటపడేది చాలాసార్లు ఏ శాంతి ప్రాంతపు కంటోన్మెంటులోనో. అక్కడ మొదలైంది కాబట్టి సర్వీసుతో సంబంధం లేదనీ, వయసుతో వచ్చే అరుగుదలేననీ బోర్డులు రాస్తుంటాయి. జబ్బు బయటపడిన చోటును జబ్బు పుట్టిన చోటుగా లెక్కగట్టడం ఈ వాదనలోని లోపం.

దీనికి జవాబుగా న్యాయవాదులు ముందుగా చూపేది ధర్మవీర్ సింగ్ కేసులో 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. ఆ సిపాయిది మూర్ఛ వ్యాధి, కీళ్లకు సంబంధం లేదు. అయినా సూత్రం అన్ని జబ్బులకూ వర్తిస్తుంది. చేరేటప్పుడు ఏ లోపమూ నమోదు కాకపోతే అప్పటికి ఆరోగ్యంగానే ఉన్నాడని భావించాలి. సంబంధం లేదని నిరూపించే భారం ప్రభుత్వానిది. బోర్డు కారణాలు రాయాలి, సందేహం ఉంటే ఆ లాభం సైనికుడికే చెందాలి. అలాగని ప్రతి గాయానికీ పింఛను రాదు. సెలవులో ఊరెళ్లినప్పుడు రోడ్డు ప్రమాదంలో గాయపడిన జుఝార్ సింగ్ కేసులో 2011లో కోర్టు ఒప్పుకోలేదు.

శాతం విషయంలో 'రౌండింగ్' ముఖ్యం. 50కి తక్కువైతే 50గా, 50 నుంచి 75 వరకు 75గా, 76 నుంచి ఆపైన 100గా లెక్కిస్తారు. మొదట ఇది జబ్బు కారణంగా మధ్యలోనే పంపేసినవారికే ఉండేది. పూర్తికాలం పనిచేసి దిగినవారికీ వర్తిస్తుందని రామ్ అవతార్ కేసులో 2014 డిసెంబరు 10న సుప్రీంకోర్టు తేల్చింది. నూరు శాతం వైకల్యానికి చివరి జీతంలో 30 శాతం వస్తుంది. అంటే చివరి జీతం 50,000 రూపాయలు ఉన్నవారికి మోకాలి వైకల్యం 30 శాతమైతే నెలకు 4,500 రూపాయలు రావాల్సింది, రౌండింగ్‌తో 7,500 అవుతుంది.

నిరాకరణ ఉత్తర్వు అందిన ఆరు నెలల్లో మొదటి అప్పీలు కమిటీకి రాసుకోవాలి, అక్కడా కాదంటే రెండో కమిటీకి. ఆ తర్వాతది సాయుధ దళాల ట్రిబ్యునల్. 2007 చట్టంతో ఏర్పడి 2009లో పని ప్రారంభించింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు చెన్నై ధర్మాసనం పరిధిలోకి వస్తాయి. తరతరాలుగా సైన్యానికి మనుషుల్ని పంపిన పశ్చిమ గోదావరి జిల్లా మిలిటరీ మాధవరంలో మాజీ సైనికుడు కేసు వేయాలన్నా అదే దారి. ట్రిబ్యునల్ తీర్పుపై హైకోర్టులో రిట్ వేసుకునే వీలుందని సుప్రీంకోర్టు 2023లో స్పష్టం చేసింది.

ఏళ్ల తర్వాత మేలుకున్నవారికీ తలుపు పూర్తిగా మూసుకుపోదు, ఎందుకంటే పింఛను నెలనెలా కొనసాగే హక్కు. కాకపోతే తర్సేమ్ సింగ్ కేసు (2008) తర్వాత, అలా ఆలస్యంగా వచ్చినవారికి పాత బకాయిలను సాధారణంగా కేసు వేయడానికి ముందు మూడేళ్లకే పరిమితం చేస్తున్నారు.