రికార్డు మీద లేని పేరు

గ్రామఫోను ప్లేట్లని, వినైల్ రికార్డుల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే పని ఇవాళ ఇంట్లో కూచుని ఎవరైనా చెయ్యొచ్చు. చాలామంది దీన్ని పాతపాటల సరదాగా చూస్తారు. మన విద్యార్థులు, కార్యకర్తలు కూడా ఇది మన పని కాదనుకుంటారు. నేనూ అట్లాగే అనుకున్నాను. కానీ ఏ గొంతుని దాచాలి, ఏ చప్పుడుని చెరిపెయ్యాలి, ఎవరి పేరు రాయాలి అనే ప్రశ్నలు వచ్చిన ప్రతిచోటా కులం ఉంటుంది. ఈ పనిలో ఆ ప్రశ్నలు అడుగడుగునా వస్తాయి.

మా నాయన బడిపంతులు. ఆయన పోయాక రేకుపెట్టెలో ఇరవై దాకా ప్లేట్లు దొరికాయి. కొన్ని పెళుసుబారిన లక్క ప్లేట్లు, మిగతావి వినైల్ రికార్డులు. అందులో ఒకటి హరిశ్చంద్ర నాటక పద్యాల ఎల్పీ. మా వాడలో ఆ పద్యాలు రానివాళ్లు తక్కువ. అక్షరం ముక్క తెలియని ముసలాళ్లు కూడా కాటిసీను మొత్తం అప్పజెప్పేవాళ్లు. ఆ ఎల్పీని కంప్యూటర్‌లోకి ఎక్కించి ఫైలు దాచబోతే, వివరాలు రాయమని ఖాళీ గడులు వచ్చాయి. లేబుల్ తిప్పి చూశాను. నాటకం పేరుంది. పాడినాయన పేరుంది. కంపెనీ నెంబరుంది. శ్మశానంలో హరిశ్చంద్రుడు పాడే ఆ పద్యాలు రాసిన గుర్రం జాషువా పేరు లేదు.

కంప్యూటర్ చూపిన గడులు కూడా అట్లాగే ఉన్నాయి. కళాకారుడు, పాట, ఆల్బమ్, సంవత్సరం. రాసినవాడికి గడి లేదు. అంటే లేబుల్ ఒకసారి చేసిన తప్పుని నేను రెండోసారి చెయ్యడానికి అంతా సిద్ధంగా ఉంది.

ఇది ఒక్క కవికి జరిగిన చిన్న పొరపాటని కొట్టేయడానికి లేదు. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన హరిశ్చంద్ర నాటకంలో ఈ పద్యాలు మొదట లేవు. జాషువా 'శ్మశానవాటి' ఖండికలోని పద్యాల్ని నటులు కాటిసీనులోకి తెచ్చుకున్నారు. రాజు కాటికాపరి వీరబాహుడికి అమ్ముడుపోయే కథ అది. ఆ సీనుకి ప్రాణం పోసింది అంటరానితనాన్ని ఒంటిమీద మోసిన కవి. చావు ముందు అంటుముట్టు చెల్లదని చెప్పే పద్యం కూడా ఆ ఖండికలోదే. ఊళ్లో అంటు పాటించే పెద్దలు ముందు వరసలో కూచుని వాటికి వన్స్‌మోర్ కొట్టారు. 1895లో వినుకొండలో పుట్టి 1971లో చనిపోయిన జాషువా, తన గోడు శివుడికి చెప్పమని దళితుడు గబ్బిలాన్ని వేడుకునే కావ్యాన్ని 1941లో రాశాడు. మనిషిని రానివ్వనిచోటికి గబ్బిలం పోతుందని ఆయనకి తెలుసు. పద్యం కూడా అట్లాగే పోయింది. పేరు మాత్రం బయటే ఆగింది.

అసలు రికార్డుల్లోకి ఎవరి గొంతు వెళ్లింది? ఈ దేశంలో రికార్డింగులు 1902లో కలకత్తాలో మొదలయ్యాయి. అప్పుడు పాడిన గౌహర్ జాన్ తవాయిఫ్. మర్యాదస్తుల ఇళ్ల ఆడవాళ్లు డబ్బు తీసుకుని పాడటం తప్పనుకున్న రోజులవి. కాబట్టి కంపెనీలు కళనే వృత్తిగా బతికే కులాల స్త్రీల దగ్గరికి వెళ్లాయి. దక్షిణాదిలో సేలం గోదావరి, కోయంబత్తూరు తాయి, బెంగుళూరు నాగరత్నమ్మ అట్లాంటి కుటుంబాల నుంచి వచ్చినవాళ్లే. మద్రాసు రాష్ట్రంలో 1947లో దేవదాసీ చట్టం వచ్చింది. ఆ దోపిడీ పోవాల్సిందే, సందేహం లేదు. కానీ ఆ స్త్రీల చేతిలో ఉన్న సంగీతం సభల్లో 'శాస్త్రీయం' అయి అగ్రకులాల ఇళ్లకి చేరింది. సంగీతం మొదట్నుంచీ తమదేనని చెప్పేవాళ్లకి ఆ పాత ప్లేట్లే జవాబు.

డప్పు సంగతి వేరు. కంపెనీ కొనేవాడి చెవిని చూసి పాడేవాడిని వెతుక్కుంది. గ్రామఫోను పెట్టె కొనగలిగిన ఇల్లు మాదిగవాడలో ఎక్కడుంది? పెళ్లికీ చావుకీ జాతరకీ మోగిన డప్పు కంపెనీ గదిలోకి వెళ్లడం అరుదు. రికార్డుల గుట్టనే తెలుగు సంగీత చరిత్ర అనుకుంటే, సగానికి పైగా జనం మూగవాళ్లని ఒప్పుకున్నట్టే.

మన శ్రమ మాత్రం ప్లేటులోనే ఉంది. వినైల్ రాకముందు ప్లేట్లు లక్కతో చేసేవాళ్లు. ప్రపంచానికి కావల్సిన లక్కలో ఎక్కువ భాగం మన దేశం నుంచే పోయేది. ఛోటానాగపూర్ అడవుల్లో ఆదివాసులు కుసుమ, మోదుగ, రేగు చెట్ల కొమ్మల మీద లక్క పురుగుని పెంచి, గీకి, తీసేవాళ్లు. ఆ లక్కలో రాతిపొడి కలిపి ప్లేటు అచ్చు వేసేవాళ్లు. మొదట్లో అచ్చు జర్మనీలో, 1908 నుంచి కలకత్తా సియాల్దా ఫ్యాక్టరీలో. పాత ప్లేటు పెడితే వచ్చే బరబర చప్పుడు చాలావరకు ఆ రాతిపొడిదే. పాడినావిడ పేరు లేబుల్ మీదుంది. లక్క గీకిన చేతుల పేర్లు ఎక్కడా లేవు.

ఇక పని ఎట్లా చెయ్యాలో చెప్తాను. లక్క ప్లేటు గాడి వెడల్పు, వినైల్ గాడి సన్నం. రెంటికీ ఒకే ముల్లు వాడకూడదు. సన్న ముల్లు పెడితే అది లక్క ప్లేటు గాడి అడుగున మురికిలో నడుస్తుంది. వినైల్‌ని స్పిరిట్ కలిపిన ద్రావకంతో తుడవచ్చు. లక్క ప్లేటుకి స్పిరిట్ తగిలితే కరుగుతుంది, దాన్ని డిస్టిల్డ్ వాటర్‌తోనే తుడవాలి. టర్న్‌టేబుల్ నుంచి వచ్చే సిగ్నల్ బలహీనం. దాన్ని ఫోనో ప్రీయాంప్ గుండా పంపి కంప్యూటర్ లైన్-ఇన్‌లో పెట్టాలి, మైకు రంధ్రంలో కాదు. ఎల్పీ వేగం నిమిషానికి 33⅓ చుట్లు, లక్క ప్లేటుది దాదాపు 78. పాత ప్లేట్లన్నీ సరిగ్గా 78 మీద ఉండవు. వేగం పెరిగితే శ్రుతి పెరిగి గొంతు సన్నబడుతుంది. హార్మోనీ వాయించేవాళ్లని పక్కన కూచోబెట్టుకుంటే పాట ఏ శ్రుతిలో ఉండాలో వాళ్లు చెప్తారు. వాళ్లు మన వాడల్లో ఇంకా ఉన్నారు.

దాచే ఫైలు వేవ్‌లో ఉండాలి. సీడీ స్థాయిలో, అంటే సెకనుకి 44,100 నమూనాలు, 16 బిట్లతో స్టీరియో రికార్డు చేస్తే నిమిషానికి 10 మెగాబైట్లు పడుతుంది. పంచుకోవడానికి ఎంపీ3 చాలు. ఎంపీ3 చేసి వేవ్ చెరిపెయ్యకూడదు. పోయిన శబ్దం తిరిగి రాదు.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది చప్పుడు తీసేటప్పుడు. గీతల వల్ల వచ్చే టక్కుటక్కుల్ని తీసెయ్యడానికి సాఫ్ట్‌వేర్‌లో ఒక ఏర్పాటుంది. ఉన్నట్టుండి పైకి లేచి పడిపోయే శబ్దం ఏదైనా అది గీత కిందే జమ కడుతుంది. మా నాయన ప్లేట్లలో ఒక సినిమా పాటలో డప్పుంది. ఆ ఏర్పాటుని గట్టిగా పెట్టి విన్నాను. గీతలతోపాటు చిర్ర దెబ్బ కూడా మొద్దుబారిపోయింది. ఊరి పెద్దకీ ఆ యంత్రానికీ డప్పు ఒకటే, గోల. అందుకే ఏమీ చెరపని ఫైలు ఒకటి విడిగా ఉంచాలి. శుభ్రం చేసిన ఫైలు ఎప్పుడూ రెండోదే.

ఇదంతా ప్లేట్లతో ఆగదు. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత మన పాట సభల్లో, ఊరేగింపుల్లో, క్యాసెట్లలో తిరిగింది. దానికి కంపెనీ లేబులూ లేదు, ఏ సంస్థ అల్మరాలోనూ చోటు లేదు. ఎవరి ఇంట్లోనో అట్టపెట్టెలో బూజు పట్టి ఉంది. ప్లేటు నూరేళ్లు ఆగుతుంది. క్యాసెట్ టేపు అంతకాలం ఆగదు. టేప్ డెక్‌ని కూడా అదే లైన్-ఇన్‌లో పెట్టొచ్చు. ప్లేట్లతో నేర్చుకున్న పనిని ముందు అక్కడ వాడాలి.

ఉపాధ్యాయులు ఒక్కో తరగతికి ఒక్కో వాడ అప్పజెప్పండి. పిల్లలు తమ ఇళ్లల్లో ఉన్న ప్లేట్లూ క్యాసెట్లూ తేవాలి. పెద్దవాళ్లకి వినిపించి అడగాలి. ఈ పాట ఎవరు కట్టారు, ఎవరు పాడారు, డప్పు ఎవరు కొట్టారు, ఏ సభలో, ఏ సంవత్సరం? చెప్పింది చెప్పినట్టు ఫైలు పక్కనే రాసిపెట్టాలి. తెలియని పేరు ఉంటే గడి తీసెయ్యకుండా ఖాళీగా ఉంచాలి. ఎవరో ఉన్నారని ఆ ఖాళీ చెప్తుంది, తర్వాత వచ్చేవాళ్లు వెతుకుతారు.

నా ఫైలుకి నేను రెండు గడులు కలిపాను. ఒకదాంట్లో 'కవి: గుర్రం జాషువా' అని రాశాను. రెండోది 'హార్మోనీ, తబలా'. అది ఇంకా ఖాళీగా ఉంది. లేబుళ్లు అచ్చేసిన రోజున మనల్ని ఎవరూ అడగలేదు. ఈసారి మీటలు మన చేతుల్లో ఉన్నాయి. ఇప్పుడు కూడా పేరు లేకుండా పోతే, తప్పు కంపెనీదని చెప్పుకోలేం.