కొత్త యంత్రం – పాత వ్యవస్థ : ఒక చారిత్రక పరిశీలన

ఒక పనిముట్టు పాతబడడం వేరు, అది పాతబడిందని దాని యజమాని ప్రకటించడం వేరు. మొదటిది ప్రకృతి ధర్మం. రెండవది వ్యాపార ధర్మం. ఈ రెండింటినీ కలిపి ఒకటిగా చూపడం యాజమాన్యాలకు ఎప్పుడూ లాభసాటిగానే వుంటూ వచ్చింది. కంప్యూటరు చరిత్రలో ఈ భేదం స్పష్టంగా బయటపడే సందర్భం ఒకటి వుంది. అది కొత్తగా కొన్న కంప్యూటరులో పాత ఆపరేటింగ్ సిస్టంను ఎక్కించబోవడం. పైకి ఇది రిపేరు షాపులో జరిగే చిన్న పని. కాని ఆ పని ఎందుకు సాగదో విచారిస్తే, అడ్డు నిలిచే కారణాలలో కొన్ని యంత్రంలోనూ, కొన్ని మార్కెట్టులోనూ వున్నాయని తేలుతుంది. ఏవి ఎక్కడివో వేరుచేసి చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆపరేటింగ్ సిస్టం అనేది యంత్రానికీ, మనం వాడుకొనే ప్రోగ్రాములకూ నడుమ నిలిచే వ్యవస్థ. డిస్కుతో, కీబోర్డుతో, తెరతో, ప్రింటరుతో వ్యవహరించే బాధ్యత దానిదే. ఏ పరికరంతో ఎలా వ్యవహరించాలో దానికి చెప్పే చిన్న ప్రోగ్రామును డ్రైవరు అంటారు. 2001లో తయారైన వ్యవస్థకు ఆనాటి పరికరాల భాష తెలుసు. తర్వాత పుట్టిన పరికరం భాష ఎవరైనా నేర్పితేనే తెలుస్తుంది. ఇంతవరకు ఇందులో ఎవరి కుట్రా లేదు. అయితే ఆ నేర్పే పనికి ఎవరు పూనుకుంటారు, ఎవరు నిరాకరిస్తారు, ఎందుకు నిరాకరిస్తారు? ఈ ప్రశ్నలకు సమాధానం ఇంజనీరింగు పుస్తకాలలో దొరకదు. చరిత్రలో వెతకాలి.

ఈ సమస్య పెద్ద ఎత్తున తలెత్తింది 1964లో. అమెరికాలో ఐ.బి.ఎం. కంపెనీ 1959లో ప్రకటించిన 1401 అనే కంప్యూటరు పదివేలకు పైగా తయారై, వ్యాపార సంస్థల లెక్కల గదుల్లో స్థిరపడిపోయింది. 1964 ఏప్రిల్ 7న ఆ కంపెనీయే సిస్టం/360 అనే కొత్త యంత్రాల కుటుంబాన్ని ప్రకటించింది. వాటి నిర్మాణం పూర్తిగా వేరు. 1401 కోసం రాసిన ప్రోగ్రాములు వాటిపై నేరుగా నడవవు. పాతదానితో తెగతెంపులు చేసుకోవాలంటే అంతకన్న మంచి అదను లేదు. కాని కంపెనీ అలా చేయలేకపోయింది. కారణం, 1963 డిసెంబరులోనే హనీవెల్ అనే పోటీ కంపెనీ తన 200 నంబరు యంత్రాన్ని రంగంలోకి దించింది. 1401 ప్రోగ్రాములను తన యంత్రానికి అనువుగా మార్చే సాధనానికి 'లిబరేటర్', అంటే విమోచకుడు, అని పేరు కూడా పెట్టింది. ఖాతాదారులు చేజారిపోతారన్న భయం ఐ.బి.ఎం.ను కదిలించింది. 360 కుటుంబంలోని మోడల్ 30 లోపల 1401ను అనుకరించే ఏర్పాటు చేసి, పాత ప్రోగ్రాములను కొత్త యంత్రం మీద నడిపించింది. పోటీ వున్నచోట పాతకు కొత్తలో చోటు దొరికిందన్నమాట.

ఇరవై ఏళ్ళ తర్వాత ఇదే మరో రూపంలో జరిగింది. 1981 ఆగస్టులో ఐ.బి.ఎం. తెచ్చిన వ్యక్తిగత కంప్యూటరు 20 చిరునామా తీగలతో ఒక మెగాబైటు మెమొరీని మాత్రమే గుర్తించగలిగేది. ఆ హద్దు దాటిన చిరునామా చుట్టుతిరిగి మొదటికి వచ్చేది. కొన్ని ప్రోగ్రాములు ఈ విచిత్ర లక్షణం మీదనే ఆధారపడ్డాయి. 1984లో వచ్చిన పి.సి./ఎ.టి.లో 80286 ప్రాసెసరుకు 24 తీగలు. హద్దు తొలగింది, దానితోపాటు ఆ పాత ప్రోగ్రాముల ఆధారమూ తొలగింది. అప్పుడు ఇంజనీర్లు 21వ తీగను అవసరాన్నిబట్టి మూసి తెరిచే గేటును అమర్చారు. లెక్క సున్నాతో మొదలవుతుంది గనుక దానికి ఎ20 గేటు అని పేరు. పాత ప్రోగ్రాముల కోసం కొత్త యంత్రం తన శక్తిని తానే తగ్గించుకొనే ఏర్పాటు అది! అప్పటికే కాంపాక్ వంటి కంపెనీలు అచ్చంగా అలాంటి యంత్రాలనే తయారుచేసి అమ్ముతున్నాయి. పాత ప్రోగ్రాములు నడవని యంత్రాన్ని కొనేవాడెవడు?

ఇప్పుడు విండోస్ ఎక్స్‌పి సంగతి చూద్దాం. మైక్రోసాఫ్ట్ దానిని 2001 అక్టోబరు 25న విడుదల చేసింది. ఆనాటి డిస్కులు ఐ.డి.ఇ. పద్ధతిలో పనిచేసేవి. కొద్ది సంవత్సరాలలోనే సాటా డిస్కులు, వాటిని నడిపే ఎ.హెచ్.సి.ఐ. పద్ధతి వచ్చాయి. ఎక్స్‌పి సి.డి.లో దీనికి డ్రైవరు లేదు. కొత్త కంప్యూటరులో ఆ సి.డి. పెడితే డిస్కు లేదని చెప్పేది, లేదా నీలిరంగు తెర చూపి ఆగిపోయేది. మొదట్లోనే ఎఫ్6 మీట నొక్కి డ్రైవరు అందించే వీలుంది. కాని దానిని ఫ్లాపీ నుంచి ఇవ్వాలి. కొత్త కంప్యూటరులో ఫ్లాపీ పెట్టే చోటే వుండదు. పని తెలిసినవారు రెండు దారులు పట్టారు. యంత్రం సెట్టింగులలోకి వెళ్ళి డిస్కును పాత ఐ.డి.ఇ. పద్ధతికి మార్చడం ఒకటి; డ్రైవరును ముందే చేర్చి సొంతంగా కొత్త సి.డి. తయారుచేసుకోవడం రెండవది. పాఠ్యపుస్తకాలు చెప్పని ఈ విద్యను రిపేరు పనివాళ్ళు ఒకరినుంచి ఒకరు నేర్చుకున్నారు.

ఇక్కడ కంపెనీ వైఖరి గమనించదగింది. 2007లో వచ్చిన విస్టాను కొన్నవారిలో చాలామంది ఎక్స్‌పికే మళ్ళడంతో, దాని అమ్మకాలను 2008 జూన్‌దాకా పొడిగించవలసి వచ్చింది. ఆపైన కూడా, చిన్న చవక కంప్యూటర్ల విషయంలో 2010 వరకు కొనసాగించింది. ఎందుకు? 2007లో వచ్చిన ఆ చిన్న యంత్రాలు లినక్స్ అనే స్వేచ్ఛా వ్యవస్థతో అమ్ముడుపోవడం మొదలుపెట్టాయి. పోటీ తల ఎత్తగానే ముసలి వ్యవస్థకు తిరిగి యౌవనం వచ్చింది!

విండోస్ 7 విషయంలో కథ మారింది. అది 2009 అక్టోబరు 22న వెలువడింది. యు.ఎస్.బి. 3.0కు అందులో డ్రైవరు లేదు. ఇంటెల్ కంపెనీ 2015లో స్కైలేక్ ప్రాసెసర్లతోపాటు తెచ్చిన చిప్‌సెట్ల నుంచి పాత యు.ఎస్.బి. కంట్రోలరును తొలగించింది. ఫలితంగా, సెట్టింగుల తెరమీద చక్కగా పనిచేసిన కీబోర్డు, మౌసు విండోస్ 7 ఇన్‌స్టలేషన్ మొదలుకాగానే మూగబోయాయి. పాత గుండ్రటి పిన్నుల కీబోర్డు తగిలించడమో, డ్రైవరును ఇన్‌స్టలేషన్ ఫైళ్ళలో ముందే చేర్చడమో చేస్తే పని జరిగేది. ఇంటెలే అందుకొక సాధనం కూడా ఇచ్చింది. ఇంతవరకు అడ్డంకి యంత్రానిది, దానికి మందు మనిషి చేతిలో వుంది.

తర్వాత వచ్చిన అడ్డంకి అలాంటిది కాదు. కొత్త ప్రాసెసర్లకు ఇకపై విండోస్ 10 ఒక్కటే మద్దతు పొందుతుందని మైక్రోసాఫ్ట్ 2016 జనవరిలో ప్రకటించింది. విండోస్ 7కు 2020 జనవరి 14 వరకు రక్షణ సవరణలు ఇస్తామన్న వాగ్దానం అప్పటికి అమలులోనే వుంది. అయినా 2017 ఏప్రిల్ నుంచి, కొత్త ప్రాసెసరు వున్న యంత్రంలో విండోస్ 7 నడుస్తుంటే ఆ సవరణలు అందకుండా నిలిపివేసింది. సవరణలు ఆ యంత్రంపై పనిచేయవా? ఒక స్వచ్ఛంద ప్రోగ్రామరు, ప్రాసెసరును పరీక్షించే ఆ చిన్న భాగాన్ని పక్కకు తప్పించే సాధనం రాసి ప్రచురించగానే అవి ఎప్పటిలాగే ఎక్కాయి. గోడ ఎవరు కట్టారో చెప్పడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు. 1964లో గుమ్మం బయట హనీవెల్ నిలబడి వుంది; 2017లో బల్లమీది కంప్యూటర్ల రంగంలో అంతటి ప్రత్యర్థి ఎవరూ లేరు.

దీనికి ఎదురువాదం ఒకటి వుంది, అది బలమైనదే. పాత వ్యవస్థ దొంగలకు తెరిచిన తలుపు అంటారు. 2017 మే 12న చెలరేగిన వానాక్రై దాడి బ్రిటన్‌లో ఆసుపత్రుల పనిని స్తంభింపజేసింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో కొన్ని కంప్యూటర్లు కూడా దానికి చిక్కాయి. సవరణలు లేని యంత్రాన్ని నెట్‌కు తగిలించడం తెలివైన పని కాదని ఒప్పుకోవలసిందే. కాని ఆ దాడికి గురైన యంత్రాలలో అత్యధిక భాగం ఎక్స్‌పివి కావు, సవరణ వేసుకోని విండోస్ 7 యంత్రాలు. ఇక ఎక్స్‌పికి మరమ్మతు అప్పటికే తయారై వుంది, ప్రత్యేకంగా సొమ్ము చెల్లించే సంస్థలకు మాత్రమే. దాడి జరిగాకే దానిని అందరికీ విడుదల చేశారు. కనుక ప్రమాదం నిజమే. ఆ ప్రమాదాన్ని వయసు ఒక్కటే సృష్టించిందనడం నిజం కాదు.

తెలుగు సాహిత్యం చదివేవారికి ఇదంతా ఎందుకు అనవచ్చు. మన పుస్తకాలూ పత్రికలూ దశాబ్దాలపాటు చాలా భాగం పేజ్‌మేకర్‌లో, అను వంటి ఫాంట్లతో కూర్పు అయ్యాయి. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం ముక్కలు ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో కూర్చుంటాయి. ఫాంటు లేని యంత్రంలో ఆ ఫైలు తెరిస్తే కవిత్వం కాదు, అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపు కనిపిస్తుంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే స్థానం దక్కింది. ఎక్స్‌పి సైతం తెలుగు యూనికోడ్‌ను గౌతమి ఫాంటుతో అందించింది. కాని పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. 2001లో వచ్చిన 7.0యే దాని చివరి ముద్రణ. అందువల్ల ఎన్నో డి.టి.పి. కేంద్రాలు పాత వ్యవస్థలను ఏళ్ళ తరబడి వదలలేదు. యంత్రం చెడి కొత్తది కొన్నా, పాత విండోస్‌నే మళ్ళీ ఎక్కించమని అడిగాయి. ఇది వెనుకబాటుతనమని నవ్వేవారున్నారు. పేజీకి ఇంత అని సంపాదించుకొనే పనివాడికి, వేళ్ళు ఎరిగిన కీబోర్డూ, నమ్మకంగా నడిచే కూర్పూ జీవనాధారం. కొత్త లైసెన్సు ఖర్చు, కొత్తగా నేర్చుకొనే కాలం, రెండూ అతని జేబునుంచే పోతాయి.

కంప్యూటరు లోపల మరో కంప్యూటరును కల్పించి, పాత వ్యవస్థను అందులో నెట్‌కు దూరంగా నడపడం నేడు మేలైన మార్గం. 1964 నాటి అనుకరణకు ఇది వారసురాలు. విండోస్ 7 కొన్ని ముద్రణలలో ఎక్స్‌పి మోడ్ పేరుతో కంపెనీయే దీనిని ఇచ్చింది. కాని దీనితో తృప్తిపడి కూర్చోరాదు. పాత ఫైళ్ళను తెరవగలిగిన యంత్రం నడుస్తుండగానే మన రచనలను యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. ప్రచురణకర్తలూ, గ్రంథాలయాలూ, విశ్వవిద్యాలయాలూ, రచయితల సంఘాలూ దీనిని ఉమ్మడి కర్తవ్యంగా స్వీకరించాలి. కంపెనీలు మద్దతు మానుకొన్న వ్యవస్థలకు డ్రైవర్ల వివరాలూ, మరమ్మతులూ బహిరంగపరచాలని అడిగే హక్కు కూడా ప్రజలకు వుంది.

2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11 ఇదే గోడను అటువైపునుంచి కట్టింది. దాని షరతులకు తూగని, చక్కగా పనిచేసే లక్షలాది యంత్రాలు బయట నిలిచాయి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. నిన్న పాత వ్యవస్థ కొత్త యంత్రంలో ప్రవేశించరాదన్నారు, నేడు కొత్త వ్యవస్థ పాత యంత్రంలో ప్రవేశించరాదంటున్నారు. రెండు సందర్భాలలోనూ కొనవలసినవాడు ఒక్కడే. ఏది యంత్రం పెట్టిన హద్దు, ఏది యజమాని పెట్టిన హద్దు అని అడగడం అలవరచుకొన్న నాడు, ఆ కొనేవాడు తన పనిముట్టు మీద తన మాట చెల్లించుకోగలడు.